భూమి తగాదా – కోర్టు అడిగే రెండు ప్రశ్నలు

“కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు” అని మన ఊళ్లల్లో ఒక మాట ఉంది. ఈ మాట మేము మొదటిసారి మా నాన్న నోట విన్నాం. అప్పుడు మేము కోటబొమ్మాళి హాస్టల్లో 8వ తరగతి చదువుతున్నాం. ఒక ఆదివారం నాన్న వచ్చాడు. ఎప్పుడూ తెచ్చే జంతికల పొట్లం లేదు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాల కట్ట ఉంది. వరండాలో కూర్చోబెట్టి, “ఇందల ఏటి రాసుందో సదివి సెప్పరా అయ్యా” అన్నాడు.

అక్షరాలు చదివాం. అర్థం మాత్రం ఒక్క ముక్క చెప్పలేకపోయాం. వాది, ప్రతివాది, షెడ్యూలు, ఐ.ఏ., శాశ్వత ఇంజంక్షన్ అని ఉంది. బడిలో మార్కులు బాగానే వచ్చేవి. ఇంటి కాగితం దగ్గర మాత్రం మాకూ నాన్నకూ తేడా లేకుండా పోయింది. నాన్న ఏమీ అనలేదు. కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

ఈరోజు మేము ఎం.ఏ. చదివాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. మేము లాయర్లం కాదు. కానీ ఆ కాగితాల వెంట తిరిగి తిరిగి కొంత నేర్చుకున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ఆ వరండాలో నాన్నకు చెప్పలేకపోయిన పాఠమే ఇక్కడ రాయాలనిపించింది. తమ్ముళ్లారా, మీలో చాలామంది ఇళ్లల్లో ఇలాంటి సంచి ఒకటి ఉంటుంది. కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మా కథ క్లుప్తంగా

మా తాత ఒక బుగత దగ్గర కంబారిగా పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో 60 సెంట్ల జిరాయితీ భూమి కొన్నాడు. దస్తావేజు రిజిస్టర్ అయింది. పక్క మడివారు ఏటా దుక్కి దున్నేటప్పుడు గట్టును కొంచెం కొంచెం మా వైపు జరిపారు. ఒక ఏడాది ఏకంగా 14 సెంట్లు తమ మడిలో కలిపేసుకుని ఊడ్చేశారు. నాన్న ముందు పెద్దమనుషుల దగ్గరకు వెళ్లాడు. తర్వాత పోలీసుల దగ్గరకు, ఆ తర్వాత రెవెన్యూ వారి దగ్గరకు తిరిగాడు. ఇలా ఎనిమిది నెలలు గడిచాక ఒక వకీలు ద్వారా దావా వేశాడు. ఫీజు తక్కువని ఇంజంక్షన్ మాత్రమే అడిగారు. కోర్టు నియమించిన కమిషనర్ వచ్చి చూస్తే, ఆ 14 సెంట్లలో ఉన్నది అవతలివారి పంట. తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ కొట్టివేశారు.

“దస్తావేజు మనదే కదా, ఎందుకు కొట్టేశారు?” అని నాన్న చాలా రోజులు అడుగుతూనే ఉన్నాడు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే.

హక్కు వేరు, స్వాధీనం వేరు

భూమి తగాదాలో కోర్టు రెండు ప్రశ్నలు వేస్తుంది. మొదటిది: ఈ భూమి మీద హక్కు ఎవరిది? రెండవది: ఇప్పుడు దీన్ని అనుభవిస్తున్నది ఎవరు, అంటే స్వాధీనం ఎవరిది? మనం ఇంట్లో “భూమి మాది” అంటే రెండూ కలిపి అంటాం. కోర్టులో రెండింటినీ విడదీసి చూస్తారు. మన దగ్గర ఏది ఉంది, ఏది పోయింది అన్నదాన్ని బట్టి వేయాల్సిన దావా మారుతుంది.

1. హక్కు మనదే, దాన్ని ఎవరూ కాదనడం లేదు, స్వాధీనమూ మనదే. కానీ అవతలివాడు దూరి రావాలని చూస్తున్నాడు. అప్పుడు శాశ్వత ఇంజంక్షన్ దావా ఒక్కటే చాలు. దావా వేసిన రోజున స్వాధీనం మనదని రుజువు చేసుకోవాలి.

2. హక్కు మీద తగాదా లేదు, కానీ స్వాధీనం పోయింది. అప్పుడు స్వాధీనం ఇప్పించమని దావా వేయాలి. ఇంజంక్షన్‌ను దానితోపాటు అడగాలి. ఆక్రమించినవాడిని “రావద్దు” అని ఆపలేం కదా, వాడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

3. స్వాధీనం మనదే, కానీ అవతలివాడు “హక్కు నాది” అని కాగితాలు చూపిస్తున్నాడు. అప్పుడు హక్కు మనదని ప్రకటించమని అడగాలి. దాన్ని డిక్లరేషన్ అంటారు. దానికి ఇంజంక్షన్ జతచేయాలి.

4. స్వాధీనం పోయింది, హక్కు మీదా తగాదా ఉంది. అప్పుడు డిక్లరేషన్, స్వాధీనం రెండూ అడగాలి.

మా నాన్న కేసు నాలుగో రకం. వేసింది మొదటి రకం దావా. కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టినట్టయింది.

వరంగల్ స్థలాల కేసు

ఈ పొరపాటు మా ఒక్క ఇంట్లోనే జరగలేదు. దేశమంతా కోర్టుల్లో ఈ విషయం మీద ఎత్తి చూపే తీర్పు ఒక తెలుగు ఊరి కేసులోనే వచ్చింది. దాని పేరు అనాథుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి. సుప్రీంకోర్టు 2008 మార్చి 25న తీర్పు చెప్పింది.

తగాదా వరంగల్‌లోని రెండు ఖాళీ స్థలాల గురించి. వాదులు 1968లో వాటిని ఒక స్త్రీ దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజులతో కొన్నారు. ఆమెకు అవి పసుపు కుంకుమల కింద నోటిమాటగా వచ్చాయన్నారు. 1977లో ప్రతివాది అదే స్థలాన్ని ఆమె సోదరుడి దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజుతోనే కొన్నాడు. అంటే ఇద్దరి చేతిలోనూ రిజిస్టర్ అయిన కాగితం ఉంది. వాదులు ఇంజంక్షన్ మాత్రమే అడిగారు. కింది కోర్టులో గెలిచారు. అప్పీలులో ఓడిపోయారు. హైకోర్టులో మళ్లీ గెలిచారు. చివరకు సుప్రీంకోర్టులో ఓడిపోయారు.

కారణం ఏమిటంటే, ఆ స్త్రీకి నిజంగా హక్కు వచ్చిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అది తేలకుండా స్థలం ఎవరిదో తేలదు. అంత చిక్కు ప్రశ్నను ఇంజంక్షన్ దావాలో తేల్చడం కుదరదు, డిక్లరేషన్ అడగాల్సింది అని కోర్టు చెప్పింది. ఖాళీ స్థలం విషయంలో ఇంకో మాట కూడా చెప్పింది. అందులో ఎవరూ పంట వేయరు, ఇల్లు కట్టరు కాబట్టి, హక్కు ఎవరిదైతే స్వాధీనం వారిదేనని భావిస్తారు. అప్పుడు హక్కు ప్రశ్న తప్పించుకోలేనిది అవుతుంది.

సుమారు మూడు దశాబ్దాలు, నాలుగు మెట్లు. అన్నీ ఎక్కి దిగాక తేలింది స్థలం ఎవరిది అన్నది కాదు, అడగాల్సిన ప్రశ్న అడగలేదు అన్నది. మేము ఈ తీర్పు గురించి చదివిన రోజు నాన్నకు ఫోన్ చేసి చెప్పాం. “అయితే మనలాంటోళ్లు ఇంకా ఉన్నారన్నమాట” అన్నాడు.

ఆరు నెలలు, పన్నెండేళ్లు

ఈ రెండు గడువులు నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి.

ఆరు నెలలు: మన ఇష్టం లేకుండా, చట్టపద్ధతిలో కాకుండా, ఎవరైనా మనల్ని భూమి నుంచి వెళ్లగొడితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేయవచ్చు. ఇందులో హక్కు రుజువు చేయనక్కర్లేదు. అంతకుముందు స్వాధీనంలో ఉన్నది మనమే, మనల్ని బలవంతంగా తీసేశారు అని చూపిస్తే చాలు. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా చెల్లదు. మా నాన్న పెద్దమనుషుల చుట్టూ తిరిగిన ఎనిమిది నెలల్లో ఈ తలుపు మూసుకుపోయింది.

పన్నెండేళ్లు: హక్కును బట్టి స్వాధీనం అడిగే దావాకు కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు ఇది. అవతలివాడు మన హక్కును కాదని, బాహాటంగా అనుభవించడం మొదలుపెట్టిన నాటి నుంచి 12 ఏళ్లు లెక్క. ఆ గడువు దాటనిస్తే మన హక్కే ఆరిపోతుంది. “మనవాడే కదా, తర్వాత చూద్దాం” అనే మాట ఎంత ఖరీదైందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంకొకటి. ఆక్రమించినవాడు కుదురుకుపోయాక మనం పదిమందిని తీసుకెళ్లి గట్టు తవ్వేయకూడదు. హక్కు మనదే అయినా కోర్టు ద్వారానే తీసుకోవాలి. ఆవేశపడి వెళితే భూమి కేసు పక్కకుపోయి, మన మీద కొట్లాట కేసు మిగులుతుంది.

ఏ కాగితం ఏం చెబుతుంది?

హక్కు విషయంలో వాది తన కాగితాల బలం మీద గెలవాలి, అవతలివాడి కాగితాల బలహీనత మీద కాదు. సికింద్రాబాద్ కాకాగూడ భూముల మీద వాసవి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ సంగతే మళ్లీ గుర్తుచేసింది. రెవెన్యూ రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదని కూడా అందులో చెప్పింది. కాబట్టి మన పెట్టెలోని ఒక్కో కాగితం బలమెంతో తెలుసుకోవాలి.

రిజిస్టర్డ్ దస్తావేజు: హక్కుకు మొదటి ఆధారం. వంద రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మనకు అమ్మినవాడికి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు కూడా ఉండాలి. వీటినే లింకు దస్తావేజులు అంటారు.

పట్టాదారు పాసుపుస్తకం, 1-బి: 1971 నాటి హక్కుల రికార్డు చట్టం కింద వచ్చేవి. తప్పని రుజువయ్యే వరకు ఒప్పని భావిస్తారు. కానీ ఇవే హక్కు కాదు. వీటిలో పేరు తప్పుగా పడితే తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్.డి.ఓ.కు అప్పీలు చేసుకోవచ్చు. మనకైతే ఆ కార్యాలయం టెక్కలిలో ఉంది. హక్కే తేలాలంటే మాత్రం సివిల్ కోర్టుకే వెళ్లాలి. కోర్టు డిక్రీ ప్రకారం రికార్డు మారుస్తారు.

అడంగల్: ఏ ఏడాది ఎవరు ఏ పంట వేశారో చెబుతుంది. స్వాధీనానికి ఇది మంచి సాక్ష్యం. ఒక్క ఏడాదిది కాదు, వరుసగా కొన్నేళ్లవి తీసి ఉంచుకోవాలి. శిస్తు రసీదులు, పంట రుణం కాగితాలు కూడా దీనికి తోడు.

ఎఫ్.ఎం.బి.: ప్రతి సర్వే నంబరుకు కొలతలతో ఉన్న పటం. గట్టు తగాదాలో ఇదే అన్నిటికన్నా పనికొస్తుంది.

ఈ.సి.: ఆ భూమి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చెబుతుంది. మనకు తెలియకుండా ఎవరైనా రాయించుకున్నారేమో ఇందులో బయటపడుతుంది.

మన ప్రాంతంలో పాత జమీందారీ గ్రామాలు ఎక్కువ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంట్ జరిగి రైతువారీ పట్టాలు వచ్చాయి. కాబట్టి పాత హక్కు వెతకాలంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ దాకా వెళ్లాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. మీ ఊళ్లో అది జరిగి ఉంటే, పాత నంబరు ఏ కొత్త నంబరు అయిందో, విస్తీర్ణం తగ్గిందేమో తప్పక చూసుకోండి. ఇక 2022 నాటి భూ హక్కు చట్టం గురించి కొందరు ఇంకా అడుగుతున్నారు. దాన్ని 2024లో రద్దు చేశారు. హక్కు తగాదా తేల్చేది మళ్లీ సివిల్ కోర్టే.

డి పట్టా భూములు

మన హాస్టల్ పిల్లల ఇళ్లల్లో ఉన్న భూమి చాలావరకు డి పట్టాయే. పేదలకు ప్రభుత్వం సాగు చేసుకోవడానికి ఇచ్చిన ఈ భూమిని కొనడం, అమ్మడం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. అప్పు కింద రాయించుకున్నా, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నా చెల్లదు. అలా చేతులు మారిన భూమిని తహసీల్దారు స్వాధీనం చేసుకుని, మొదట పట్టా పొందినవారికి గాని, వారి వారసులకు గాని తిరిగి ఇప్పించే వీలు ఆ చట్టం 4వ సెక్షన్‌లో ఉంది. “మీ తాత అమ్మేశాడు, ఇక మీకేం లేదు” అని ఎవరైనా అంటే నమ్మేసి ఊరుకోకండి. పట్టా నకలు తీసుకుని తహసీల్దారుకు అర్జీ పెట్టండి. 2023లో ఈ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు కొంత సడలింపు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టింది. అడిగి తెలుసుకోకుండా ఎక్కడా సంతకం చేయవద్దు.

పోలీసులు ఏం చేయగలరు?

“ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి” అనే మాట చాలామంది విని ఉంటారు. అందులో సగం నిజం ఉంది. హక్కు ఎవరిదో పోలీసులు తేల్చకూడదు. కానీ నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో ఒకరి స్వాధీనంలోని భూమిలోకి చొరబడితే అది నేరమే. పాత శిక్షాస్మృతిలో 447వ సెక్షన్ కింద ఉన్న శిక్ష, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ కిందకు వచ్చింది. ఎస్సీ, ఎస్టీల భూమిని అన్యాయంగా ఆక్రమించడం, స్వాధీనం నుంచి వెళ్లగొట్టడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ కింద ప్రత్యేక నేరం. అయితే ఈ చట్టం మన రక్షణ కోసం ఉంది, గట్టు తగాదాలో అవతలివాడిని భయపెట్టడానికి కాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే దానికి బలం.

దావా ఎలా నడుస్తుంది?

కోటబొమ్మాళిలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉంది. దావా విలువను బట్టి ఏ కోర్టులో వేయాలో నిర్ణయమవుతుంది. ముందు దావా అర్జీ. దాని చివర ఉండే షెడ్యూలును మీరే చదవండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఒక్కటి తప్పు పడినా డిక్రీ వచ్చాక అమలు దగ్గర చిక్కు వస్తుంది. దావాతోపాటు వేసే తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్‌లో కోర్టు మూడు సంగతులు చూస్తుంది. పైకి చూడగా మన కేసులో పస ఉందా, ఆపకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తర్వాత పూడ్చలేని నష్టం జరుగుతుందా?

అవతలివారికి సమన్లు అందాక వారు జవాబు దాఖలు చేస్తారు. వివాదాంశాలు ఖరారవుతాయి. తర్వాత సాక్ష్యం. గట్టు తగాదాలో అడ్వకేట్ కమిషనర్‌ను, సర్వేయర్‌ను పంపి కొలిపించమని అడగవచ్చు. వారు వచ్చిన రోజు పనికి పోకుండా దగ్గర ఉండాలి. తర్వాత వాదనలు, తీర్పు, డిక్రీ. ఓడినవారు జిల్లా స్థాయిలో 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. గెలిచినా పని అయిపోలేదు. స్వాధీనం డిక్రీని 12 ఏళ్లలోపు అమలు పిటిషన్ వేసి నెరవేర్చుకోవాలి. అప్పుడు కోర్టు అమీను వచ్చి భూమి అప్పగిస్తాడు.

డబ్బు లేకపోతే?

మా నాన్న ఇంజంక్షన్‌తో సరిపెట్టుకోవడానికి కారణం కోర్టు ఫీజు. డిక్లరేషన్, స్వాధీనం దావాకు భూమి విలువ మీద ఫీజు లెక్కగడతారు. కానీ 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. వకీలును వారే ఇస్తారు, కోర్టు ఫీజు భారమూ మనమీద పడదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ శ్రీకాకుళం కోర్టు ప్రాంగణంలో ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. ఈ సంగతి మా నాన్నకు మూడేళ్లు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు, ఎందుకంటే మాకూ తెలియదు.

రాజీకి ఇద్దరూ ఇష్టపడితే లోక్ అదాలత్ మంచి దారి. అక్కడి అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు. అప్పీలు లేదు కాబట్టే, సంతకం పెట్టేముందు చదువుకున్న మనిషి ఒకరు పక్కన ఉండాలి.

చివరి మాట

మా కేసు ఏమైందంటారా? న్యాయ సహాయం కింద వచ్చిన వకీలమ్మ గారు కాగితాలన్నీ చూసి, దావాను సవరించి డిక్లరేషన్, స్వాధీనం అడిగారు. కొలతలు మళ్లీ జరిగాయి. ఎఫ్.ఎం.బి. ప్రకారం 14 సెంట్లు మావేనని తేలింది. పోయిన ఏడాది డిక్రీ వచ్చింది. అవతలివారు అప్పీలు వేశారు. ఈ ఏడు కూడా ఆ 14 సెంట్లలో వారే ఊడ్చారు. నాన్న గట్టు మీద నిలబడి చూసి వచ్చాడు. “ఇంక ఎన్నేళ్లురా?” అని అడిగాడు. ఈసారి మేము కాగితం చూసి జవాబు చెప్పగలిగాం. గెలుపు ఇంకా చేతికి రాలేదు గాని, నాన్న పక్కన నిలబడి వకీలమ్మ గారితో మాట్లాడే మనిషి ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు.

తమ్ముళ్లారా, ఒక ఇంటిపని ఇస్తున్నాం. కొత్తమ్మ తల్లి జాతరకో, సంక్రాంతికో ఇంటికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టె తెరవండి. ఈ అయిదు ప్రశ్నలకు నోట్‌బుక్కులో జవాబు రాయండి.

1. మన భూమి జిరాయితీయా, డి పట్టాయా?
2. దస్తావేజు లేదా పట్టా ఎవరి పేరున ఉంది? 1-బిలో ఎవరి పేరు ఉంది?
3. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఏమిటి?
4. కాగితంలో ఉన్నంత భూమి నేల మీద ఉందా?
5. లేకపోతే, ఎప్పటి నుంచి లేదు?

అయిదో ప్రశ్నకు జవాబుగా ఒక తేదీ వస్తే, ఆ ఇంట్లో గడువు అప్పటికే నడుస్తోందని అర్థం. ఆ తేదీ ముందు మీ నాన్నకు, తర్వాత న్యాయ సహాయం వకీలుకు చెప్పండి. పూర్వ విద్యార్థులైన అన్నలు మరో పని చేయాలి. సెలవు రోజున ఒక పూట హాస్టల్‌కు వచ్చి, పిల్లలు తెచ్చిన కాగితాలు వారితో కూర్చుని చదవండి. ఆ వరండా ఇంకా అక్కడే ఉంది.